అరుగు మీద ఇంజను

1997 జూలై పదిహేడు, గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా మరిది కారు ఇంజను మా వీధి అరుగు మీదికి వచ్చింది. ఒక్క ముక్కగా రాలేదు. రెండు రిక్షాల్లో, ఐదు గోనెసంచుల్లో, ఒక ఇత్తడి గంగాళంలో వచ్చింది. గంగాళం మాదే. వారం ముందు మెకానిక్కు అడిగితే దేనికో తెలియక ఇచ్చాను. బోల్టులన్నీ అందులో కిరసనాయిల్లో మునిగి ఉన్నాయి. తరవాత ఎంత చింతపండు పెట్టి తోమినా ఆ గంగాళం పులిహోర కలపడానికి పనికిరాలేదు.

షెడ్డులో ఉండవలసిన ఇంజను అరుగు మీదికి ఎందుకు వచ్చిందంటే, మావారు సరుకు కంటితో చూడనిదే మాట చెప్పరు. అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. ఎవరి తోటలో దింపు తీసినా కాయ మా ఇంటి ముందుకు వచ్చి రాశి పడాలి, ఆయన పీట వేసుకుని కూర్చోవాలి, అప్పుడు ధర చెప్పాలి. ఆ పద్ధతికి ఇంజను మినహాయింపు అవుతుందని ఆయన అనుకోలేదు. పి.గన్నవరంలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు కూడా అనుకోలేదు. పెద్దవారు చూస్తానంటే తీసుకురావడం మర్యాద కదా అన్నాడు.

కారు సంగతి చెప్పాలి. మా మరిది పదకొండేళ్లు మస్కట్‌లో ఒక పెద్దమనిషి ఇంట్లో డ్రైవరుగా చేశాడు. అక్కడ యజమానిని అర్బాబు అంటారట. ఆ సంవత్సరం ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఆరు నెలలు దాటి బయట ఉంటే వీసా పోతుంది. అంటే అక్టోబరు ఇరవై తొమ్మిదిలోగా తిరిగి వెళ్లాలి, లేదా ఇక వెళ్లక్కరలేకుండా ఇక్కడే ఏదో ఒక ఆధారం చూసుకోవాలి. అతనికి రెండోదే కావాలి. మా తోడికోడలికీ అదే కావాలి. పెళ్లయిన పన్నెండేళ్లలో వాళ్లిద్దరూ ఒక కప్పు కింద ఉన్నది రెండేళ్లకు తక్కువ. ఆ లెక్క నేను కట్టింది కాదు, ఆవిడే కట్టుకుంది. ఆవిడకు లెక్కలు రావని మా ఇంట్లో అనేవారు.

టాక్సీగా తిప్పుదామని అతను కొన్నది పద్నాలుగేళ్ల నాటి డీజిల్ అంబాసిడర్. బాడీ గట్టిదే. ఇంజను మాత్రం పొగ కక్కేది. ఆ కారు మా వీధిలోంచి వెళ్లాక రెండు రోజులు దోమలు రాలేదని పక్కింటావిడ మెచ్చుకుంది కూడా. ఇంజను విప్పి బాగు చేయించి శ్రావణం పెళ్లిళ్లకు బాడుగకు తిప్పితే నిలదొక్కుకుంటాడు. నిలదొక్కుకోకపోతే మస్కట్. అందరికీ తెలిసిన సంగతే, అందుకే ఎవరూ పైకి అనేవారు కాదు.

విప్పాక మెకానిక్కు రాసిచ్చిన సామానంతా కొంటే పందొమ్మిది వేలు అవుతుంది. మరిది చేతిలో పదమూడు వేలు ఉన్నాయి. మిగతాది అన్నగారు సర్దవచ్చు గాని, అంతకుముందు ఏడు నవంబరు తుఫానుకు మా ప్రాంతంలో కొబ్బరి నేలకు ఒరిగింది, దాంతోపాటే మావారి వ్యాపారమూ ఒరిగింది. డబ్బు ఇవ్వలేని అన్నగారు సలహా ఇవ్వడం మానుకోలేరు. అందువల్ల ఏ సామాను మార్చాలి, ఏది ఉంచాలి అన్నది అరుగు మీద తేలవలసి వచ్చింది.

గోనెపట్టాలు పరిచి ముక్కలన్నీ వరసగా పెట్టారు. మావారు తలకు తువ్వాలు చుట్టుకుని పీట మీద కూర్చున్నారు. మరిది అరుగు అంచున నిలబడ్డాడు. పదకొండేళ్లు కారు నడిపినవాడు నిలబడి, ఒక్కరోజూ నడపనివారు కూర్చుని నిర్ణయించడంలో మా ఇంట్లో ఎవరికీ వింత కనపడలేదు. నేను గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.

కొబ్బరికాయను చూడడానికి మూడు పరీక్షలు ఉన్నాయి. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియాలి. చెవి దగ్గర ఊపితే నీళ్ల చప్పుడు వినపడాలి. రెండు కాయలు ఒకదానికొకటి తగిలిస్తే పగులు ఉన్నదీ లేనిదీ మోత చెబుతుంది. ఈ మూడింటిలో మావారు పొరబడగా నేను చూడలేదు. చుట్టుపక్కల ఊళ్లలో కాయ విషయంలో తగాదా వస్తే ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఆ మూడు పరీక్షలే ఆయన పిస్టన్లకు పెట్టారు. ఒకటి కుడిచేత, ఒకటి ఎడమచేత పట్టుకుని తగిలించారు. మోత ఖంగుమంది.

"ఇది ముదురు సరుకు," అన్నారు.

"ఆయ్, ముదురేనండి బాబుగారు," అన్నాడు మెకానిక్కు. "ముదిరి అరిగిందండి."

అరిగితే మోత మారదా అని ఆయన అడిగారు. మారదండి అని అతను చాలా విచారంగా చెప్పాడు, మారకపోవడం తన తప్పైనట్టు. అతను అంత మర్యాదస్తుడు. ఎవరి మాటకూ కాదనేవాడు కాదు. అవునని, ఆ అవును చివర ఒక చిన్న ముక్క కలిపేవాడు. వినేవారికి తీరికుంటే ఆ ముక్క వినపడేది.

పదకొండు గంటలకు మూడు రాశులు తయారయ్యాయి. ఉంచేవి, మార్చేవి, తరవాత చూసేవి. మావారికి మూడో రాశి అంటే ఎప్పుడూ ఇష్టం. కొబ్బరిలో చిన్నకాయలు వస్తే రెండింటిని ఒకటిగా లెక్క వేసి ఇద్దరికీ నష్టం లేకుండా తేల్చడం ఆయన పద్ధతి. ఆ పద్ధతిలోనే పిస్టన్ల తీర్పు చెప్పారు. నాలుగూ అనుమానంగా ఉన్నాయి గనక రెండు కొత్తవి వేయాలి, రెండు పాతవి ఉంచాలి.

మెకానిక్కు ఒక పిస్టను తుడిచి పట్టా మీద పెట్టాడు. "బాబుగారు చెప్పేక వెయ్యొచ్చండి. కారు వణుకుద్దండి, అంతే."

"ఎంత వణుకుతుంది?" అని గుమ్మంలోంచి నేను అడిగాను.

"దిగేటప్పటికి పెళ్లికొడుకు తన పేరు మర్చిపోతాడమ్మా."

దాంతో నాలుగు పిస్టన్లూ కొత్తవే అయ్యాయి. వాటితోపాటు రింగులూ, అవి ఆడే గొట్టాలకు బోరు చేయించడమూ తప్పలేదు. తరవాత క్రాంకు. అది ఇంజను మధ్యలో తిరిగే పెద్ద కడ్డీ, పిస్టన్ల బలమంతా దాని మీదే పడుతుంది. మావారు దాన్ని చిన్న సుత్తితో కొడితే గుడిగంటలా మోగింది. అంత చక్కటి మోత ఆ అరుగు మీద ఎన్నడూ వినలేదని ఆయనకు సంతోషం వేసింది. ఇంకో రెండుసార్లు కొట్టించుకుని విన్నారు. మెకానిక్కు కూడా తల పంకించి విని, ఆ తరవాత గోరు పెట్టి గీతలు చూపించాడు. గోరు తట్టుకుంటోంది. గోరు తట్టుకునే సరుకు ఉంచమని ఆయన ఎలా అంటారు? క్రాంకు రాజమండ్రి పంపించి అరగదీయించడమూ, బేరింగులన్నీ కొత్తవి వేయడమూ ఒప్పుకున్నారు.

ఇంతవరకూ న్యాయంగానే జరిగిందని ఇప్పటికీ అంటాను. అవన్నీ పోగా చేతిలో పదకొండు వందలు మిగిలాయి. మూడో రాశిలో రెండు పంపులు మిగిలాయి.

ఒకటి నీళ్ల పంపు. ఇంజను వేడెక్కకుండా రేడియేటరులో నీళ్లను తిప్పేది అది. అప్పటికే సన్నగా కారుతోంది. రెండోది ఆయిల్ పంపు. గుప్పెట్లో పట్టేంత ఇనపముక్క. ఇంజను అడుగున నూనెలో మునిగి ఉండి, నూనెను పైకి తోసి ప్రతి బేరింగుకూ అందిస్తుంది. కొత్త ఆయిల్ పంపు తొమ్మిది వందలు. కొత్త నీళ్ల పంపు, దాని గొట్టాలు, వాటితో కలిపి మావారు చాలాకాలంగా మనసుపడ్డ రెండు గొంతుల హారను, అవీ తొమ్మిది వందలే. ఏదో ఒకటే వస్తుంది.

మావారు పాత ఆయిల్ పంపు చేతిలోకి తీసుకున్నారు. ఒకటే ఉంది గనక తగిలించడానికి జత లేదు. చెవి దగ్గర ఊపారు, చప్పుడు లేదు. ఇరుసు వేళ్లతో తిప్పారు. ఒక్క వేలితో తిప్పినా తిరిగింది. పోల్చడానికి మెకానిక్కు కొట్టునుంచి అడిగి తెచ్చిన కొత్త పంపు తిప్పి చూశారు. అది రెండు వేళ్లకు గాని కదలలేదు.

"చూడు," అన్నారు తమ్ముడితో. "కొత్తది బిగుసుకుని ఉంది. పాతది వెన్నలా తిరుగుతోంది. కురిడీ కాయ అటక మీద ఉన్నకొద్దీ పెంకు వదులుతుంది, అదే దాని గొప్ప. దీన్ని మార్చడమేమిటి?"

కురిడీ అంటే ఏడాది పొడుగునా అటక మీద ఎండి, లోపలి కొబ్బరి పెంకునుంచి విడిపోయి గుండులా దొర్లే కాయ. వదులైతేనే దానికి ధర. ఆయన వదులును మెచ్చుకోవడం ముప్ఫై ఏళ్ల అలవాటు.

నేను బియ్యం చాట పక్కన పెట్టి, ఆ వదులు ఎంతో కొలవమని మెకానిక్కుతో చెప్పాను. అతని దగ్గర పలచటి ఇనపరేకుల కట్ట ఉంది, సందులో దూర్చి చూస్తారు. ఒక రేకు దూర్చాడు. ఇంకొకటి కలిపి దూర్చాడు. మూడోది కలిపాడు.

"కొంచెం ఎక్కువ ఉందమ్మా."

"కొంచెం అంటే?"

"ఉండాల్సిందానికి రెండింతలండి."

"రెండింతలు కొంచెం ఎలా అవుతుంది?"

"బాబుగారి ముందు కొంచెమేనమ్మా," అన్నాడు.

అప్పుడు మా మరిది నోరు విప్పాడు. "అన్నయ్యా, ఆయిల్ పంపు మార్పిద్దామండి. నీళ్లు కారితే కంటికి కనపడుద్ది, ఆపి పోసుకోవచ్చు. నూనె అందకపోతే కనపడదండి."

చక్కగా, స్పష్టంగా చెప్పాడు. ఒక్కసారి చెప్పాడు. మా అత్తవారింటి ఆచారం అది. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు ఏ మాటైనా ఒకసారి చెప్పవచ్చు. రెండోసారి చెబితే ఎదురు చెప్పినట్టు. మూడోసారి చెబితే పంపకాలు అడిగినట్టు. ఆ ఇంట్లో మూడు తరాలుగా పంపకాలు జరగలేదని గొప్పగా చెప్పుకునేవారు. మూడు తరాలుగా ఎన్ని మంచి మాటలు ఒకసారితో ఆగిపోయాయో ఎవరూ చెప్పుకోలేదు.

మావారు ఆలోచించకుండా చెప్పలేదు. అది ఆయనకు అన్యాయం చేసినట్టు అవుతుంది. తమ్ముడి మంచి కోసమే చెప్పారు. మొదటి పెళ్లి బాడుగ మనవాళ్లదే, కారు నడిరోడ్డు మీద ఆవిరి కక్కుతూ నిలబడితే నలుగురూ చూస్తారు, డొక్కు కారు కొన్నాడంటారు, రెండో బాడుగ రాదు. ఆయిల్ పంపు ఇంజను అడుగున ఉంటుంది. "దాన్నెవడు చూడొచ్చేడు?" అన్నారు.

"ఆయ్. మీ ఇష్టం అన్నయ్యా," అన్నాడు మరిది.

రెండోసారి నేను చెప్పాను. కోడళ్లకు ఆ లెక్క వర్తించదు, ఎందుకంటే వాళ్ల మాట లెక్కలోకి రాదు.

"ఇంజను సంగతి నీకేం తెలుసు? ఎక్కడ చూశావు?" అన్నారాయన.

"మీరు చూసినచోటే. పొద్దున్న పదీ ఇరవైకి," అన్నాను.

మెకానిక్కు నవ్వు ఆపుకోవడానికి గంగాళంలో చెయ్యి పెట్టి బోల్టు ఏదో వెతికాడు. తీర్పు మారలేదు. నీళ్ల పంపు, గొట్టాలు, హారను.

లోపల వంటింట్లో మా తోడికోడలు మొగుడికి మంచినీళ్లు ఇస్తూ ఏం తేలిందని అడిగింది. చెప్పాడు. మీరు చెప్పలేదా అంది. చెప్పేను అన్నాడు. ఎన్నిసార్లు అని అడిగింది. అతను గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆవిడ పొయ్యి వైపు తిరిగి, నాకు వినపడాలనో తనకే వినపడాలనో, "అర్బాబుకైతే ఎన్నిసార్లు చెప్పేవారో," అంది.

ఇంజను జూలై ముప్ఫై ఒకటిన మొదలైంది. కొబ్బరికాయ మావారే ఏరి ఇచ్చారు, ఒక్క దెబ్బకు సమంగా పగిలింది. పొగ లేదు, మోత లేదు. బానెట్టు మీద అర్ధరూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా ఉండడం చూసి అందరూ సంతోషించారు. దానికన్నా హారను విని ఎక్కువ సంతోషించారు. వీధిలో చాలామందికి కారు బాగుపడిన సంగతి హారనువల్లే తెలిసింది.

కొత్త పిస్టన్లు వేశాక వెయ్యి కిలోమీటర్ల దాకా మెల్లిగా, బరువు వేయకుండా తిప్పాలని మెకానిక్కు చెప్పాడు. ఎలాగూ తిప్పాలి కదా అని బంధువులు కనిపెట్టారు. ఒకరు అప్పనపల్లి దర్శనానికి, ఒకరు రాజోలు పళ్ల డాక్టరు దగ్గరికి, ఒకరు అమలాపురంలో చీర మార్చుకోవడానికి. మెల్లిగా తిప్పమన్నది అందరూ పాటించారు, బరువు వేయవద్దన్నది ఎవరూ పాటించలేదు. ఒకసారి అప్పనపల్లినుంచి ఎనిమిది మంది దిగారు, ఇద్దరు పిల్లలు కాక. బాడుగ అడగడం మర్యాద కాదు. ఇంజను మేలు కోసమే ఎక్కామన్నారు కూడాను.

ఆ రోజుల్లో మరిది మొహం చూడాలి. ఉదయం లేచి కారు తుడుచుకునేవాడు. మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వచ్చేవాడు. పదకొండేళ్లు ఎవరి భోజనం వేళకో వీధిలో కారులో కూర్చుని ఎదురు చూసినవాడికి తన భోజనానికి తాను రావడం పండగలా ఉండేది. మా తోడికోడలు రెండు పూటలా వేడి అన్నమే వండేది. పొద్దుటిది సాయంత్రానికి సర్దడం మానేసింది.

కారు బాగా వేడెక్కి ఆగినప్పుడు ఎదుట చిన్న ఎర్రలైటు మిణుకుమంటోందని అతను ఒక సాయంత్రం అన్నగారితో అన్నాడు. నూనె ఒత్తిడి తగ్గితే వెలిగే లైటు అది. మెకానిక్కును అడిగితే చిక్కటి నూనె పోద్దామండి అన్నాడు. పోశారు. లైటు మిణుకు ఆగింది. మావారు పంపు విషయంలో తన మాటే నిలిచిందనుకున్నారు. నిజానికి నిలిచింది, ఆరు రోజులు.

మొదటి బాడుగ ఆగస్టు పదమూడు, బుధవారం. మావారితోపాటు కాయ వ్యాపారం చేసే ఒకాయన కొడుకు పెళ్లి. పెళ్లికూతురిది ఆలమూరు. ముహూర్తం ఉదయం పదీ పన్నెండుకు. ఈ బాడుగ సవ్యంగా జరిగితే అదే వారంలో ఇంకో రెండు పెళ్లిళ్లకు మాట ఇచ్చారు. ఉదయం ఏడూ నలభైకి బయలుదేరాం. కారులో ముందు మరిది, పక్కన మావారు, వెనక పెళ్లికొడుకు, అతని బావగారు, మేనమామగారు. వెనక వ్యానులో ఆడవాళ్లం. దాని వెనక మేళంవాళ్ల వ్యాను.

కారులో జరిగిన మాటలు అన్నదమ్ములిద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. రెండూ సరిపోయాయి, అందుకే రాస్తున్నాను. కొత్తపేట దాటాక ఎండ ముదిరింది. ఎర్రలైటు మిణుకుమనలేదు, నిలబడి వెలిగింది.

"అన్నయ్యా, ఎర్రలైటు వచ్చిందండి. ఆపుతాను," అన్నాడు మరిది.

మావారు లైటు వంక కాదు, చేతి గడియారం వంక చూశారు. "పెళ్లికొడుకుని ముస్తాబుతో రోడ్డు మీద దింపుతావా? నీళ్ల వేడి చూడు, బాగానే ఉంది కదా. మెల్లిగా పోనీ."

నీళ్ల వేడి నిజంగానే బాగుంది. కొత్త నీళ్ల పంపు చుక్క కారడం లేదు.

"ఆయ్," అన్నాడు మరిది.

అతనికి తెలుసు. పదకొండేళ్లలో ఎన్నో కార్లు నడిపాడు, ఎర్రలైటు వెలిగితే ఏం చేయాలో చంటిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పగలడు. అర్బాబు కారులో అయితే అడిగేవాడే కాదు, ఆపేవాడు. ఇక్కడ ఒకసారి చెప్పాడు. కాలు తీయకుండా పోనిచ్చాడు. రావులపాలెం ఇంకా రెండు మైళ్లు ఉందనగా ఇంజనులోంచి సుత్తితో బిందె కొట్టిన చప్పుడు వచ్చింది. నాలుగైదు దెబ్బలు వినపడి, తరవాత పెద్ద చప్పుడు ఒకటి, తరవాత ఏమీ లేదు. మా వ్యాను ఆగేసరికి కారు కిందనుంచి నూనె తారురోడ్డు మీదుగా కాలవగట్టుకు పాకుతోంది. పిస్టనును క్రాంకుకు కలిపే కడ్డీ ఒకటి విరిగి ఇంజను పక్కగోడను పొడుచుకుని బయటికి వచ్చింది. నలుగురూ చూశారు. అడుగున ఉన్నదాన్ని ఎవరూ చూడరన్నది తప్పని అక్కడ రుజువైంది.

పెళ్లికొడుకుని మేళంవాళ్ల వ్యానులో కూర్చోబెట్టారు. డోలుకూ సన్నాయికీ మధ్య, బాసికం చేత్తో పట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా కూర్చున్నాడు. ముహూర్తానికి ముందే చేరాడు. పెళ్లి చక్కగా జరిగింది, పప్పులో ఉప్పు కొంచెం తక్కువైంది. పెళ్లికొడుకు తండ్రి బాడుగ పూర్తిగా ఇవ్వబోయాడు. మావారు పుచ్చుకోలేదు. మిగతా రెండు పెళ్లిళ్లవాళ్లు మర్నాడు మనిషిచేత చాలా మర్యాదగా కబురు చేశారు, మీకెందుకండీ శ్రమ అని.

ఈసారి ఇంజను అరుగు మీదికి రాలేదు. మావారే షెడ్డుకు వెళ్లారు. సరుకు దగ్గరికి ఆయన నడిచి వెళ్లడం అదే మొదటిసారి. నేనూ వెళ్లాను. క్రాంకు నీలంగా మాడిపోయి ఉంది. కొత్త బేరింగులు కరిగి దానికే అతుక్కున్నాయి. మెకానిక్కు అన్నీ విప్పి, చివర ఆయిల్ పంపు తీసి తుడిచి ఆయన చేతికి ఇచ్చాడు. ఆయన ఇరుసు తిప్పారు. ఒక్క వేలికే తిరిగింది.

"దానికేం కాలేదండి బాబుగారు," అన్నాడు మెకానిక్కు. అది ఎత్తిపొడుపు కాదని నేను నమ్ముతాను. అతను మంచిమాట ఒకటైనా చెప్పాలని వెతుక్కుని ఉంటాడు.

మావారు నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. ఐదో రోజు పొద్దున్న తమ్ముణ్ణి పిలిచి కూర్చోమన్నారు. పీట వేసి, ఎదురుగా కూర్చోబెట్టారు. తుఫానుకు పడకుండా మిగిలిన దొడ్డి కొబ్బరి తాకట్టు పెడతాను, ఇంకో ఇంజను వేయిద్దాం, ఈసారి ఏదీ పాతది ఉంచవద్దు, ఏది వేయాలో నువ్వే చెప్పు అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం ఎంత కష్టమో నాకు తెలుసు.

"వద్దండి అన్నయ్యా," అన్నాడు మరిది.

ఆయన మళ్లీ చెప్పారు. డబ్బుకు భయపడవద్దన్నారు.

"వద్దండి."

దసరాకు బాడుగలు ఉంటాయి, కార్తీకానికి ఇంకా ఉంటాయి అన్నారు.

"వద్దు," అన్నాడు.

మూడోసారి అండి కూడా లేదు. మావారు తలెత్తి చూశారు. నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నదాన్ని ఆగిపోయాను. పంపకాలేమీ జరగలేదు. ఆకాశం విరగలేదు. ఆయన "సరే," అని లేచి బజారుకు వెళ్లారు.

తరవాత ఎందుకు వద్దన్నావని మరిదిని నేను అడిగాను. కారు పోయినందుకు కాదన్నాడు. "లైటు చూసేను వదినా. చూసి కాలు తియ్యలేకపోయేను. ఇంకో ఇంజను వేయించినా ఆ సీట్లో కూర్చునేది నేనే గదా." ఇక్కడ ఉండగలిగితే ఉండేవాడే. తన సొంత కారులో తాను బ్రేకు వేయలేనిచోట సంసారం ఎలా నడపాలో అతనికి అర్థం కాలేదు. అక్కడైతే కారు పరాయిది, కాబట్టి ఆపగలడు.

మా తోడికోడలు ఏడవలేదు. బట్టలు మడిచి పెట్టింది. అక్టోబరు ఇరవై ఆరున అతను బొంబాయి రైలుకని బయలుదేరిన తరవాత, వీధి తలుపు వేసి వచ్చి నాతో అంది: "వెళ్లడానికి మూడుసార్లు చెప్పగలిగేరు, అక్కా."

ఆ లెక్కలో కూడికా తీసివేతా తప్పు లేదు.

కారు బాడీని ఆ డిసెంబరులో ఆలమూరు వైపువాళ్లే ఎవరో కొనుక్కుని ట్రాక్టరుకు కట్టి లాక్కుపోయారు. మరిది పూర్తిగా ఇంటికి వచ్చింది 2006 నవంబరులో. కారు కొనలేదు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకుంటారు. మావారు ఏదైనా చెబితే మరిది ఇప్పటికీ ఆయ్ అంటాడు. అది ఒకటో సారో రెండో సారో మావారు అడిగి తెలుసుకుంటున్నారు.

పోయినవి ఇవి. ఇంజను బ్లాకు ఒకటి. క్రాంకు ఒకటి. కనెక్టింగ్ రాడ్లు రెండు, ఒకటి విరిగి, ఒకటి వంగి. కొత్త పిస్టను ఒకటి. కొత్త బేరింగులు మొత్తం. పెళ్లి బాడుగలు మూడు. దొడ్డి కొబ్బరి పోలేదు. మా మరిదికీ తోడికోడలికీ కలిసి ఉండవలసిన కాలం తొమ్మిదేళ్లు. మధ్యలో వచ్చిన సెలవులు తీసేస్తే ఎనిమిదేళ్ల రెండు నెలలు.